మేస్త్రీ చెయ్యి

మార్చేశామన్న చక్రం మళ్ళీ అరిచింది.

చెవులమ్మ హెడ్‌ఫోన్లు తీసి, చెవులు రెండూ నులుముకుని, మళ్ళీ పెట్టుకుంది. అనుమానమే లేదు. టిక్, టిక్, టిక్. పోయిన వారం ఈ చప్పుడు వినే ఈ వ్యాగన్ను పక్కకు తీయించింది. సిమెంటు మోసే వ్యాగను, మొదటి ఇరుసు, ఎడమవైపు చక్రం. షెడ్డువాళ్ళు మార్చేశామన్నారు, బేరింగు చెడిన మాట నిజమేనని కూడా అన్నారు. తీరా ఇవాళ అదే వ్యాగను, అదే ఇరుసు, అదే వైపు. పైగా గొంతు ఇంకా పెద్దదయింది.

ఆమె ఉద్యోగమేమిటో ఇక్కడ కాస్త చెప్పుకోవాలి, లేకపోతే ఆమెకు ఒళ్లెందుకు మండిందో అర్థం కాదు. వంతెనకు ఇవతల పట్టాలకు రెండువైపులా మైకుల పెట్టెలున్నాయి. గూడ్సు బండి దగ్గరకొస్తుంటే వాటి మూతలు తెరుచుకుంటాయి, ఒక్కో చక్రం చప్పుడునూ విడివిడిగా పట్టి ఈ గదికి పంపుతాయి. బాగున్న బేరింగు తనలో తాను గొణుక్కుంటూ పోతుంది. లోపల రోలరు పగిలినా, అది తిరిగే గాడి పెచ్చులేచినా, చక్రం తిరిగిన ప్రతిసారీ టిక్కుమంటుంది. కంప్యూటరు దాన్ని ఎర్రగీతగా చూపిస్తుంది. అది నిజంగా బేరింగు చప్పుడేనా, లేక ఎక్కడో గొలుసు వేలాడి కొట్టుకుంటోందా అని చెవిపెట్టి విని తేల్చడం ఆమె పని. తేల్చి చెబితే షెడ్డులో చక్రాలు మారుస్తారు. "పొద్దస్తమానం పాటలు వింటూ కూర్చుంటే జీతమిచ్చే కంపెనీ మా ఆవిడదొక్కటే" అని మొగుడు ఆటపట్టిస్తాడు కానీ, ఆ పాట ఒకటి వినకుండా వదిలేస్తే ఏమవుతుందో అతనికీ తెలుసు. మాడిన బేరింగు ఇరుసును తెంపేస్తుంది. ఇరుసు తెగిన బండి పట్టాల మీద నిలవదు.

చెవులమ్మ అని పేరు పెట్టింది షెడ్డువాళ్ళే. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు పై ఆఫీసరు కూడా ఫోనులో ఒక్కోసారి నోరుజారి అలాగే పిలుస్తాడు.

షెడ్డులో ఒక పద్ధతి ఉంది. తీసిన చక్రాన్ని మేస్త్రీ చేత్తో తిప్పి చూస్తాడు. బేరింగు చెడితే దాని మీద సుద్దతో ఇంటూ గుర్తు వేస్తాడు, బాగుంటే సున్నా చుడతాడు. సున్నా వచ్చిందంటే చెవులమ్మ ఉత్తపుణ్యానికి వ్యాగను ఆపించిందని లెక్క. ఈమధ్య ఆమెకు వెంటవెంటనే రెండు సున్నాలు వచ్చాయి. ఇంకొక్కటి వస్తే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతామని ఆఫీసరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. అంచేత, అరుస్తున్న చక్రాన్ని మార్చామని షెడ్డువాళ్ళు కబుర్లు చెబితే ఆమెకు ఎక్కడ మండాలో అక్కడే మండింది. షెడ్డు ఇన్‌ఛార్జికి ఫోను కొట్టింది.

"ఏం సార్, సిమెంటు వ్యాగను మార్చామన్నారు?"

"మార్చాం కదమ్మా. ఇంటూ కూడా పడింది."

"మారిస్తే ఎందుకు అరుస్తోంది మరి? పైపైన తుడిచి పంపేశారా?"

"ఇదిగో చెవులమ్మా, నా షెడ్డులో అలాంటి వేషాలు సాగవు."

"సాగాయో లేదో నాకు తెలీదు సార్. నేను విన్నది రాసి పైకి పంపుతున్నా. తర్వాత మీ ఇష్టం."

రాసింది. చక్రం మార్చినట్టు లేదు, మార్చామని చెప్పినవారిని విచారించగలరు. వ్యాగను అప్పటికే లోడుతో దాటిపోయింది. దాన్ని నిదానంగా నడిపించమని కబురు పెట్టి, తిరిగి వచ్చేటప్పుడు పట్టుకోవచ్చులే అనుకుని మధ్యాహ్నం టీ తాగింది. ఆ షెడ్డులో మేస్త్రీలు చాలామందే ఉన్నారు. ఆ రోజు ఆ చక్రం ఎవరి చేతిలో పడిందన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బావగారి చెప్పులు గుమ్మంలో ఉన్నాయి. ఆ వేళకు ఎప్పుడూ ఉండవు. చెవులమ్మ ఇంట్లో చిన్నకోడలు. పెద్దకోడలూ ఆమె మొగుడూ, అంటే బావగారు, ముందు గదిలో ఉంటారు, వీళ్ళిద్దరూ వెనక గదిలో. వంటిల్లు ఒకటే. బావగారు ఆ షెడ్డులోనే చక్రాల మేస్త్రీ.

తోడికోడలు పొయ్యి దగ్గర నిలబడి కూర కలుపుతోంది. కలపవలసిన దానికన్నా ఎక్కువ కలుపుతోంది.

"బావగారు తొందరగా వచ్చేశారేంటక్కా? ఒంట్లో బాగాలేదా?"

"ఇంటికి పంపేశారు" అంది తోడికోడలు. "విచారణయ్యేదాకా రావొద్దన్నారట. చక్రం మార్చకుండానే మార్చానని చెప్పారట ఈయన. పైనుంచి ఎవరో రాశారట."

చెవులమ్మ చేతిలో సంచీ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "ఏ వ్యాగను?" అని అడగబోయి ఆపుకుంది. అడగడం దేనికి?

"ఎవరో కాదక్కా. నేనే."

గరిటె ఆగింది. తోడికోడలు వెనక్కి తిరగలేదు.

"తెలుసమ్మా. ఆయన వస్తూనే చెప్పారు. నీకు చెప్పొద్దన్నారు."

తిట్టినా బాగుండేది. నాలుగు దులిపేస్తే తనూ నాలుగు ఏడ్చి తేలికపడేది. ఆ మనిషి తిట్టలేదు సరికదా, కంచాలు తెచ్చి వరసగా పెట్టి, చిన్నకోడలి కంచంలో ఎప్పటిలాగే ముందుగా వడ్డించింది. అంతకంటే శిక్ష ఏముంటుంది?

బావగారు వచ్చి కూర్చున్నారు. చెవులమ్మ తల ఎత్తలేదు.

"బావగారూ, మీరని తెలీదు నాకు."

"తెలిస్తే రాయకుండా ఉండేదానివా?"

ఆమె వేళ్ళతో అన్నం కెలికింది.

"ఉండకూడదు కూడా" అన్నారాయన. "నువ్వు విన్నావు, రాశావు. నేను మార్చాను, మార్చానన్నాను. నువ్వూ తప్పు చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. అన్నం తిను."

"మరైతే తప్పు చేసిందెవరు? చక్రమా?" అన్నాడు ఆమె మొగుడు. ఎవరూ నవ్వకపోయేసరికి ముఖం చిన్నబుచ్చుకుని కంచంలోకి చూశాడు. కాసేపటికి మళ్ళీ తనే, "అన్నయ్యా, నిజంగా రుజువైతే ఏం చేస్తారు?" అని అడిగాడు.

"తీసేస్తారు. పింఛను కూడా ఆపుతారు" అన్నారు బావగారు, నీళ్ళు తాగి. "ఆదివారం దాటాక విచారణకు పైనుంచి ఆఫీసరు వస్తాడట. అప్పుడు చూద్దాం."

ఆయన అలాంటి మాటలు అలాగే అంటారు, రేపు వాన పడొచ్చు అన్నట్టు. కానీ అన్నం సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నారు.

*

మర్నాడు చెవులమ్మ ముందుగా తన ఆఫీసరు దగ్గరకే వెళ్ళింది. రిపోర్టు వెనక్కి తీసుకుంటానంది. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశాడు.

"అంటే నువ్వు విన్నది తప్పా?"

"తప్పు కాదు సార్."

"తప్పు కానప్పుడు వెనక్కెందుకు? ఆ మేస్త్రీ మీ బావగారని ఇందాకే తెలిసింది నాకు. ఆ సంగతి దాచిపెట్టి రిపోర్టు రాశావని ఒకడొకవైపు, చుట్టరికం చూసి వెనక్కి తీసుకున్నావని ఇంకొకడొకవైపు అంటే, మధ్యలో నా తల పగులుతుంది. పోయి పని చూసుకోమ్మా."

పోయి కూర్చుంది. బండ్లు వచ్చాయి, పోయాయి. ఎన్నెన్నో చక్రాలు గొణుక్కుంటూ దాటిపోయాయి. ఆమె సిమెంటు వ్యాగను చప్పుడు మళ్ళీ తీసి, పోయిన వారంది ఒకటీ నిన్నటిది ఒకటీ పక్కపక్కన పెట్టుకుని విన్నది. ఒకటే గొంతు. కొత్త బేరింగు వేసి ఉంటే పాతదాని గొంతు ఎలా వస్తుంది? మార్చలేదనాలి. కానీ బావగారు మార్చలేదంటే తను నమ్మగలదా? ఆ మనిషి ఇంట్లో కుళాయి వాషరు మార్చినా పాతది చూపించి మరీ పారేస్తారు. అందరూ చూస్తూండగా వ్యాగను కింద దూరి, మార్చకుండా బయటికి వచ్చి మార్చానంటారా?

ఆయన చెప్పింది నిజం. తను విన్నది నిజం. రెండు నిజాలూ ఒకేచోట పట్టడం లేదంటే ఆ చోటే తేడా అయి ఉండాలి. అప్పుడు తట్టింది. ఇది మొదటి ఇరుసు అని యంత్రానికి ఎవరు చెబుతున్నారు?

వ్యాగనుకు ముందూ వెనకా ఉండవు. ఏ కొసన ఇంజను తగిలిస్తే అటే పోతుంది. అందుకని హ్యాండ్‌బ్రేకు చక్రం బిగించి ఉన్న కొసను మొదలుగా పెట్టుకుని ఇరుసులు లెక్కపెట్టడం ఈ పనివాళ్ళ ఆనవాయితీ. మేస్త్రీకి అది కంటికి కనిపిస్తుంది. యంత్రానికి కళ్ళు లేవు. వ్యాగను పక్కలకు ఒకవైపొకటి, ఇంకోవైపొకటి ట్యాగు బిళ్లలు బిగించి ఉంటాయి. యంత్రం తనకు ఎదురైన బిళ్ల ఏ పక్కదో చదువుకుని, బ్రేకు కొస ముందుందో వెనకుందో ఊహించుకుంటుంది. ఇటు బిళ్ల అటూ అటు బిళ్ల ఇటూ బిగిస్తే? మొదటి ఇరుసు చివరిదైన నాలుగోదవుతుంది, ఎడమ కుడి అవుతుంది. మేస్త్రీ పాపం కాగితంలో ఉన్నట్టే మొదటి ఇరుసు ఎడమ తీస్తాడు. చెడ్డది మాత్రం అటు చివర కూర్చుని అరుస్తూనే ఉంటుంది.

కుర్చీలోంచి లేచింది, మళ్ళీ కూర్చుంది. చెబితే ఎవరు నమ్ముతారు? కళ్ళతో చూడాలి.

*

ఆదివారం ఆ వ్యాగను తిరిగి వస్తోంది. ఎదురెళ్ళి చూస్తానంటే బావగారు తనూ వస్తానన్నారు.

మైకుల పెట్టెల దగ్గరకు కంకర మీద నడిచి వెళ్ళాలి. కంచెకు ఇవతల బావగారు ఆగిపోయారు.

"నువ్వు వెళ్ళమ్మా. విచారణ అయ్యేదాకా నేను లోపల కాలు పెట్టకూడదు."

"ఎవరు చూస్తారు బావగారూ ఇక్కడ?"

"నేను చూస్తున్నానుగా" అన్నారాయన.

ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళి పెట్టె పక్కన నిలబడింది. ఎండ మొహం మీద కొడుతోంది. పట్టాలు సన్నగా పాడడం మొదలుపెట్టాయి. పెట్టె మూత తనంతట తాను లేచింది. రోజూ గదిలో కూర్చుని వినే పెట్టెను ఇంత దగ్గరగా చూడడం ఆమెకు అదే మొదటిసారి. బండి నెమ్మదిగా వచ్చింది, తను పెట్టిన ఆంక్ష వల్లే. ఖాళీ వ్యాగన్లు గడగడలాడుతున్నాయి. సిమెంటు దుమ్ముతో బూడిద రంగు తేలిన వ్యాగను కనబడగానే ఆమె గుండె చప్పుడు ఆమెకే అడ్డమయింది. ఇంజను వైపు కొసన, ఇనుప నిచ్చెన పక్కన, హ్యాండ్‌బ్రేకు చక్రం స్పష్టంగా ఉంది. ముందుంది. బ్రేకు కొస ముందుంది.

ఆ కొస నిశ్శబ్దంగా దాటింది. వెనక కొస వచ్చేసరికి, హెడ్‌ఫోన్లు అక్కర్లేకుండానే, అవతలి పట్టా వైపు నుంచి టిక్, టిక్, టిక్.

ఫోనులో యంత్రం సందేశం వచ్చింది. సిమెంటు వ్యాగను, బ్రేకు కొస వెనుక, మొదటి ఇరుసు, ఎడమ.

"అబద్ధం!" అని అరిచింది చెవులమ్మ, ఇంకా దాటుతున్న బండి మీదకే. కంకర మీద పడుతూ లేస్తూ కంచె దగ్గరకు పరుగెత్తింది. "బావగారూ, బ్రేకు ముందుంది! యంత్రం వెనకుందంటోంది! బిళ్లలు తిరగబడ్డాయి. మీరు మార్చారు, మీరు నిజంగానే మార్చారు. అరిచేది నాలుగో ఇరుసు కుడి!"

బావగారు కంచె తీగ పట్టుకుని పోతున్న బండినే చూస్తున్నారు.

"రంగు వేసినప్పుడు తీసి బిగించి ఉంటారు" అన్నారు. కాసేపాగి, "అయితే నేను తీసింది మంచిదే" అన్నారు.

"మంచిదే! అదే కదా సాక్ష్యం!"

ఆనందంలో ఆమె ఆయన ముఖం చూడలేదు. అప్పటికే ఇన్‌ఛార్జికి ఫోను కలుపుతోంది.

*

సోమవారం పొద్దున్న ఇన్‌ఛార్జి తనే ఫోను చేశాడు. నాలుగో ఇరుసు కుడి బేరింగు విప్పారట. గ్రీజు బొగ్గయిపోయిందట, రోలరు రెండు ముక్కలట. "ఇంకో ట్రిప్పు తిరిగి ఉంటే మనందరి ఫొటోలూ పేపర్లో పడేవి. బిళ్లలూ తారుమారే. నీకు దండం పెట్టాలి చెవులమ్మా" అన్నాడు. ఇంట్లో తోడికోడలు ఆ మాట విని, కొంగుతో ముఖం కప్పుకుని, ఇన్నాళ్ళూ దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. తర్వాత చిన్నకోడలి బుగ్గలు రెండూ పట్టుకుని, "నీ కడుపు చల్లగుండ, నా కాపురం నిలబెట్టావే" అంది.

చెవులమ్మ గాలిలో తేలినట్టు షెడ్డుకు వెళ్ళింది. బావగారు తీసిన ఆ మంచి చక్రాల జతను కూడా ఒకసారి కళ్ళారా చూసి, విచారణలో చెప్పాలని ఆమె కోరిక. వర్క్‌షాపుకు పంపవలసినవన్నీ షెడ్డు వెనక వరసగా ఉన్నాయి. ఇన్‌ఛార్జి చూపించాడు. ఆమె వంగి ఎడమ బేరింగు మీద అరచెయ్యి ఆనించి తిప్పింది. నూనెలో తిరిగినట్టు తిరిగింది. ఎక్కడా చిన్న గీర కూడా లేదు.

"చూశారా సార్!" అంటూ లేచింది. అప్పుడు కనబడింది సుద్ద గుర్తు. చక్రం నిండా, పెద్దగా, ఇంటూ.

ఇన్‌ఛార్జి తల గోక్కున్నాడు. "నాకూ అదేనమ్మా మింగుడుపడంది. చక్రం మార్చలేదన్న నింద పోయింది, సంతోషం. కానీ మంచి బేరింగుకు ఇంటూ ఎందుకు వేశాడు? ఆ రోజే సున్నా చుట్టి ఉంటే, అరే, చెడ్డది ఇంకెక్కడో ఉందని అప్పుడే వెతికేవాళ్ళం. ఆ మాడిపోయినది వారం రోజులు లోడుతో వంతెన మీద తిరిగేది కాదు."

"పొరబడి ఉంటారు."

"ఎవరు, మేస్త్రీనా? షెడ్డులో ఎవరికి అనుమానం వచ్చినా ఆయన చెయ్యి పట్టుకెళ్ళి దాని మీద పెడతాం మేము. నువ్వు తిప్పితేనే తెలిసిందే, ఆయనకు తెలీదూ?" గొంతు తగ్గించాడు. "ఆఫీసరు అడిగేది ఇదే. తెలిసీ తప్పుడు గుర్తు వేశాడని తేలితే, అది పని ఎగ్గొట్టడం కంటే పెద్ద నేరం. ఉద్యోగం, పింఛను, రెండూ హుళక్కి."

చెవులమ్మ ఆ ఇంటూనే చూస్తూ నిలబడింది. ఇంత సాయం చేశానని ఎగురుకుంటూ వచ్చిందే, చేసిందల్లా ఈ గుర్తును అందరికీ కనబడేలా పైకి తీసుకురావడమే.

*

బావగారు పెరట్లో కూర్చుని గోళ్ళ సందులు బ్రష్షుతో రుద్దుకుంటున్నారు. కొన్ని రోజులుగా గ్రీజు తగలక ఆయన చేతులు తెల్లబడి ఎవరివో అన్నట్టున్నాయి.

"తిప్పి చూశాను బావగారూ" అంది చెవులమ్మ, ఎదురుగా గట్టు మీద కూర్చుని. "మీకు తెలియలేదా?"

ఆయన బ్రష్షు ఆపలేదు.

"తిప్పకముందే తెలిసింది. చెయ్యి ఆనించగానే."

"మరి సున్నా ఎందుకు చుట్టలేదు?"

"సుద్ద పట్టుకునే నిలబడ్డాను." చేతుల మీద నీళ్ళు పోసుకున్నారు. "అంతకు రెండు రోజుల ముందే నువ్వు అన్నం ముందు కూర్చుని ఏడ్చావు. ఇంకొక్క సున్నా వస్తే కుర్చీ లాగేస్తారన్నావు. ఆ సున్నా నా చేత్తో చుట్టనా? ఎలాగూ కొత్త జత వేసేశాం కదా, వ్యాగనుకు నష్టమేముంది అనుకున్నాను. చెడ్డది అటు చివర ఉంటుందని కలగన్నానా?"

చెవులమ్మకు ఒక్కొక్కటే అర్థమయింది. ఆయన తన కోసం గీసిన గుర్తు చూపించి ఇన్‌ఛార్జి ఇంటూ పడిందన్నాడు. దాన్ని పట్టుకునే చక్రం మార్చలేదని తను రాసింది. ఆ సున్నా చుట్టి ఉంటే తనకు నాలుగు చీవాట్లు, ఒక బదిలీ. అంతకు మించి ఏముండేది? ఏడ్చింది తనే కదా. కంచం ముందు కూర్చుని, ఇంటిల్లిపాదీ వినేలా.

"రేపు నేను చెప్పేస్తాను. తప్పు నాదని చెప్తాను."

"ఏమని చెప్తావు? మా బావగారు నా కోసం దొంగ గుర్తు వేశారనా? అప్పుడు నా ఉద్యోగంతో పాటు నీదీ పోతుంది. నువ్వు ఇంతవరకూ విన్నవన్నీ కూడా మన ఇంట్లో కూర్చుని అల్లుకున్నవే అంటారు. నోరు విప్పావంటే నా మీద ఒట్టే."

"మరి మీరేం చెప్తారు?"

"ఏదో ఒకటి చెప్తాలే" అన్నారు బావగారు. "మీ అక్కకు మాత్రం ఈ ముక్క తెలియనివ్వకు. పాపం ఇవాళే కాస్త నవ్వుతోంది."

లోపల తోడికోడలు నిజంగానే ఏదో కూనిరాగం తీస్తోంది.

*

విచారణ షెడ్డు ఆఫీసు గదిలో జరిగింది. వచ్చిన ఆఫీసరు చెడ్డవాడేం కాదు. బావగారిని కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. చెవులమ్మను సాక్షిగా గోడ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఇన్‌ఛార్జి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"చక్రం మార్చారు. అందులో సందేహం లేదు" అన్నాడు ఆఫీసరు. "నేనడిగేది ఒక్కటే. మంచి బేరింగుకు ఇంటూ ఎందుకు వేశారు? తెలిసి వేశారా, తెలియక వేశారా?"

"తెలియకే సార్."

"మీ చెయ్యి గురించి షెడ్డంతా గొప్పగా చెబుతోందే?"

"ఒకప్పుడు సార్" అన్నారు బావగారు. "ఈమధ్య వేళ్ళు మొద్దుబారిపోయాయి. చెబితే పని లోంచి తీసేస్తారని చెప్పలేదు. కాగితం మీద చెడ్డదని ఉంది కదా అని ఇంటూ వేసేశాను."

చెవులమ్మ కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. ఇన్‌ఛార్జి ఏదో అనబోయి, బావగారి వైపు చూసి, కిటికీ వైపు తిరిగాడు.

ఆఫీసరు బల్ల కింద నుంచి పాత పేపరులో చుట్టిన బేరింగులు రెండు తీసి బల్ల మీద పెట్టాడు.

"వీటిలో ఒకటి మంచిది. ఒకటి చెడ్డది. తిప్పి చెప్పండి."

బావగారు చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. మొదటిదాని మీద అరచెయ్యి ఆనించి తిప్పారు. అది మెత్తగా తిరిగింది. రెండోది తిప్పారు. గోడ దగ్గర కూర్చున్న చెవులమ్మకు కూడా వినబడింది, లోపల ఇసుక రేణువు నలిగినట్టు చిన్న కరకర. ఆయన మళ్ళీ తిప్పారు, ఈసారి చాలా నెమ్మదిగా. బొటనవేలు ఒకచోట ఆగింది, సరిగ్గా కరకర పుట్టినచోటనే. ఒక్క క్షణం అక్కడే ఉండి, చెయ్యి తీసేశారు.

"రెండూ ఒకలాగే ఉన్నాయి సార్."

"సరిగ్గా చూడండి. తొందరేం లేదు."

"చూశాను సార్. తేడా తెలియడం లేదు."

ఆఫీసరు ముఖంలో కోపం పోయి జాలి వచ్చింది. రోగిని చూసే చూపు. చెవులమ్మ వైపు తిరిగి, "అమ్మా, మీకు అక్కడికి ఏమైనా వినబడిందా?" అని అడిగాడు.

లేదందామనుకుంది. అంటే? చెవులమ్మకు వినబడలేదంటే ఆ రిపోర్టులన్నీ ఏమవుతాయి? ఆ చెయ్యి ఇప్పుడే అంత పెద్ద అబద్ధమాడింది ఎందుకు? బావగారు ఆమె వైపు చూడడం లేదు. మడిచిన చొక్కా చేతులు ఒక్కొక్క మడతే కిందికి దించుకుంటున్నారు.

"వినబడింది సార్. రెండోది చెడ్డది."

"చూశారా?" అన్నాడు ఆఫీసరు, మెల్లగానే. "అక్కడ కూర్చున్న ఆవిడకు వినబడింది. చేత్తో పట్టుకున్న మీకు తెలియలేదు."

"ఆవిడ చెవులు మంచివి సార్" అన్నారు బావగారు. "ఆవిడ పొరబడదు."

ఆఫీసరు రాసుకున్నాడు. మోసం లేదు, వయసు వల్ల అశక్తత. మేస్త్రీ పని నుంచి తప్పించి గేటు డ్యూటీ వేయమన్నాడు. పింఛనుకు ఢోకా లేదన్నాడు. బావగారు లేచి నిలబడి దండం పెట్టారు. సాక్షి సంతకం చెయ్యమంటే చెవులమ్మ చేసింది. ఇంకేం చెయ్యగలదు?

బయటకు వచ్చాక ఇద్దరూ షెడ్డు పక్కనుంచి నడిచారు. లోపల పనిచేస్తున్న మేస్త్రీలు సుత్తులు ఆపి చూశారు. అప్పటికే కబురు పాకిపోయింది. నిన్నటిదాకా చెయ్యి పట్టుకెళ్ళి బేరింగు మీద పెట్టించుకున్నవాళ్ళు ఇవాళ ఆ చెయ్యి వైపు చూడలేక చూపు తిప్పుకున్నారు. చెవులమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. నోరు కొంగుతో నొక్కుకుంది.

ఎవరూ లేనిచోటికి వచ్చాక బావగారు అడుగు నెమ్మది చేశారు.

"రోలరు కాదమ్మా అది" అన్నారు చిన్నగా. "బయటి గాడి పెచ్చులేచింది. ఒక్కచోటే, గోరంత. అవునా?"

"అవును బావగారూ."

"అనుకున్నా."

గేటు దగ్గర సిమెంటు లారీ ఒకటి వచ్చి హారను కొట్టింది. బావగారు గబగబా వెళ్ళి అడ్డకర్ర పైకెత్తారు.